పేరొకరిది, పెత్తనమొకరిది

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో మూడో వారం దాటిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మార్కెట్ పండితులు నిద్ర లేస్తారు. “ఫలానా కంపెనీలో ఎల్ఐసీ వాటా పెంచింది”, “నార్వే ప్రభుత్వం మన హైదరాబాద్ కంపెనీలో డబ్బు పెట్టింది”, “పేరుమోసిన ఇన్వెస్టరు మొత్తం అమ్మేసుకుని వెళ్లిపోయాడు”. పెద్దవాళ్లు కొంటే మనమూ కొనాలి, వాళ్లు అమ్మితే మనమూ అమ్మాలి, ఇంతే లెక్క. “ఆ కాగితం చూశారా బావగారూ?” అని అడిగితే, “పేపర్లో వేశారు కదా, ఇంకా కాగితమేమిటి?” అంటారు మా బావగారు.

పేపర్లో వేసిన మాట నిజమే. కానీ దానికి ఆధారమైన కాగితం అసలు వేరే పనికోసం పుట్టింది. పెద్ద సంస్థల వాటాలు బయటపెట్టాలనే చట్టాలన్నీ ఒకే భయంలోంచి వచ్చాయి: కంపెనీ పెత్తనం చడీచప్పుడు లేకుండా చేతులు మారిపోతే మిగతా వాటాదారుల గతి ఏమిటి? ఏ షేరు కొనాలో సలహా ఇవ్వడం వాటి పని కాదు. మనం వాటిని సలహా పత్రాల్లా చదువుతున్నాం కాబట్టే, వాటిలో మనకు నిజంగా అక్కరకొచ్చే గడులను వదిలేసి పేర్ల దగ్గర ఆగిపోతున్నాం. నా తగాదా అంతా దీని మీదే.

1960లలో అమెరికాలో ఒక పద్ధతి నడిచింది. ఎవరో తెలియని కొనుగోలుదారు హఠాత్తుగా ఊడిపడి, ఇంత ధర ఇస్తాం, ఇన్ని రోజుల్లోగా షేర్లు అప్పగించండి అని ప్రకటించేవాడు. అతనెవరో, డబ్బు ఎక్కడిదో, కంపెనీని ఏం చేయదలిచాడో వాటాదారుకు తెలిసేది కాదు. దానికి విరుగుడుగా 1968లో విలియమ్స్ చట్టం వచ్చింది. మొదట 10 శాతం దాటినవాళ్లు చెప్పాలన్నారు, 1970లో దాన్ని 5 శాతానికి దించారు. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2011 టేకోవర్ (కంపెనీని చేజిక్కించుకునే) నిబంధనల్లోనూ తొలి గీత 5 శాతమే. అది దాటితే రెండు పనిదినాల్లో చెప్పాలి. ఆ తర్వాత వాటా 2 శాతం అటూ ఇటూ మారినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. 25 శాతానికి చేరితే మిగతా వాటాదారుల నుంచి కనీసం మరో 26 శాతం కొంటానని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. ఈ 25 గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడింతలైనా ఉండాలి. అంటే పావు వంతు దాటి చేతిలో ఉన్నవాడు కంపెనీని నడపలేకపోయినా, నడిచేదాన్ని ఆపగలడు. ఏ అంకె చూసినా ఓటు బలానికి కొలతే తప్ప లాభానికి కాదు.

అమెరికా పద్ధతిలో ఇంకో మెలిక ఉంది, నాకు చాలా నచ్చేది అదే. 5 శాతం దాటినవాడు ఎంత కొన్నాడన్నది ఒక్కటే చెబితే చాలదు, ఎందుకు కొన్నాడో కూడా ఏ ఫారం ఎంచుకున్నాడన్న దాన్నిబట్టే చెప్పినట్టు లెక్క. కంపెనీ వ్యవహారాల్లో తలదూర్చే ఉద్దేశం ఉంటే 13డి. అది పెద్ద పత్రం, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం చేయదలిచారో అన్నీ రాయాలి. పెట్టుబడి తప్ప వేరే ఉద్దేశం లేనివాళ్లకు 13జి, అది నాలుగు ముక్కల్లో అయిపోతుంది.

ఈ రెండక్షరాల మధ్య దూరం ఎంతో తెలియాలంటే ట్విట్టర్ ఉదంతం చూడాలి. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ చెప్పినదాని ప్రకారం ఎలాన్ మస్క్ 2022 మార్చి 14న ట్విట్టర్‌లో 5 శాతం దాటారు. అప్పటి నియమం ప్రకారం గడువు పది రోజులు, అంటే మార్చి 24. ఆయన చెప్పింది ఏప్రిల్ 4న. అప్పటికి చేతిలో ఉన్నది 9.2 శాతం. ఆయన దాఖలు చేసింది 13జి, అంటే ‘నాకు పెత్తనం మీద ఆశ లేదు’ అని చెప్పే ఫారం. ఆ ఒక్కరోజే షేరు 27 శాతం ఎగిసింది. మర్నాడే 13డి వేశారు, డైరెక్టర్ల బోర్డులో చోటిస్తున్నామని అదే రోజు కంపెనీ ప్రకటించింది. మరో పది రోజులు తిరగకుండానే షేరుకు 54.20 డాలర్లిచ్చి కంపెనీ మొత్తాన్నీ కొంటానన్నారు. ఎస్ఈసీ 2025 జనవరిలో దావా వేస్తూ, ఆ ఆలస్యం వల్ల ఆయన కనీసం 15 కోట్ల డాలర్లు తక్కువ చెల్లించి షేర్లు సంపాదించారని ఆరోపించింది. గడువు దాటాక కూడా పాత ధరకు షేర్లు అమ్ముకున్న మామూలు జనానిదే ఆ డబ్బు అన్నది వాదన. ఇంతకీ ఆ పది రోజుల గడువు ఇప్పుడు లేదు. 2023లో నిబంధన మార్చి 5 పనిదినాలకు కుదించారు, 2024 ఫిబ్రవరి నుంచి అదే అమలు. కంప్యూటర్లు కన్నుమూసి తెరిచేలోగా వేల లావాదేవీలు చేసే కాలంలో, తపాలా యుగం నాటి గడువును అర్ధ శతాబ్దం పైగా మోశారంటే ఆశ్చర్యమే.

ఆ అక్షరాలు కాగితం మీది లాంఛనం అనుకునేవారికి ఇంకో సంగతి. 2025 ఫిబ్రవరిలో ఎస్ఈసీ సిబ్బంది 13జి ఎవరు వేయవచ్చో కొత్త వివరణ ఇచ్చారు. మేం చెప్పినట్టు చేయకపోతే మీ డైరెక్టరుకు ఓటు వేయం అని కంపెనీని ఒత్తిడి చేస్తే ఆ సౌకర్యం పోవచ్చన్నది సారాంశం. దాంతో బ్లాక్‌రాక్, వాన్‌గార్డ్ అంతటి సంస్థలే కంపెనీల యాజమాన్యాలతో సమావేశాలు కొన్నాళ్లు ఆపేశాయి. కాబట్టి ఎవరైనా ‘ఫలానా సంస్థ 6 శాతం కొన్నది’ అని చెబితే నేను మొదట అడిగేది ఏ ఫారం అని. అంకె తర్వాత చూడవచ్చు.

ఇక 13ఎఫ్. 10 కోట్ల డాలర్లకు మించి షేర్లు నిర్వహించే సంస్థలు త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా ఇచ్చే జాబితా ఇది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో దీన్ని భక్తిగా చదివేవాళ్లు ఎందరో నాకు తెలుసు. మార్చి 31న చేతిలో ఏమున్నదో మే నడిమధ్యన తెలుస్తుంది. ఈలోగా అవన్నీ అమ్మేసి ఉండవచ్చు. షేరు పడిపోతుందని వేసిన షార్టులు అందులో కనిపించవు. కొన్ని వాటాలను కొంతకాలం గోప్యంగా ఉంచడానికి అనుమతి కూడా దొరుకుతుంది. చబ్ అనే బీమా కంపెనీ షేర్లను వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ అలా కూడబెట్టి, 2024 మేలో బయటపెట్టింది. అప్పటికి కొనుగోలు దాదాపు ముగిసిన కథ.

దీన్ని తప్పుగా చదివితే ఎంత అపహాస్యంగా ఉంటుందో 2023 ఆగస్టులో చూశాం. మార్కెట్ కూలుతుందని అమెరికా ఫండ్ నిర్వాహకుడు మైకేల్ బరీ 160 కోట్ల డాలర్ల పందెం కాశారని ప్రపంచమంతా శీర్షికలు పెట్టింది. జాబితాలో ఉన్నవి పుట్ ఆప్షన్లు. అంటే షేరును ఒక ధరకు అమ్ముకునే హక్కు, దాన్ని కొనడానికి అయ్యే ఖర్చు షేరు విలువలో చిన్న భాగం. కానీ 13ఎఫ్‌లో ఆప్షన్ ఎదుట రాయాల్సింది ఆ ఖర్చు కాదు, దాని వెనకున్న షేర్ల మొత్తం విలువ. పొలం కొనడానికి పదివేలు బయానా ఇచ్చినవాడి గురించి పొలం ధర మొత్తం పెట్టుబడి పెట్టాడని ఊరంతా చాటింపు వేసినట్టు. తర్వాతి త్రైమాసికం జాబితా వచ్చేసరికి ఆ ఆప్షన్లే లేవు. వాటిని చూసి భయపడి అమ్ముకున్నవాళ్ల గురించి మాత్రం ఎవరూ శీర్షిక పెట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద గుణపాఠం 2021 మార్చి నాటి ఆర్కెగోస్. బిల్ హ్వాంగ్ అనే వ్యక్తి సొంత డబ్బు నిర్వహించుకునే సంస్థ అది. వయాకామ్‌సీబీఎస్ లాంటి కంపెనీల్లో ఆయనకు కొండంత పెట్టుబడి ఉంది, కానీ ఏ జాబితాలోనూ ఆయన పేరు లేదు. ఆయన షేర్లు కొనలేదు మరి. షేరు పెరిగితే లాభం నాకు, తగ్గితే నష్టం నాది అని బ్యాంకులతో స్వాప్ ఒప్పందాలు రాసుకున్నారు. ఆ ఒప్పందానికి రక్షణగా షేర్లు కొని పెట్టుకున్నవి బ్యాంకులు. కాగితం మీద వాటాదారులు బ్యాంకులు, లాభనష్టాలు ఇంకొకరివి. అది కూలినప్పుడు ఒక్క క్రెడిట్ స్వీస్‌కే దాదాపు 550 కోట్ల డాలర్లు పోయాయి. ఒక బ్యాంకు కొన్నది ఇంకో బ్యాంకుకు తెలియదు, మామూలు వాటాదారుకు ఏదీ తెలియదు.

ఇంత దూరం పోకుండా మన ఊరి ఉదాహరణే చూద్దాం. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ ప్రతి త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో ఎక్స్ఛేంజీలకు ఇచ్చే వాటాల పట్టిక తెరవండి. ప్రమోటర్లకు, అంటే పెత్తనం చేతిలో ఉన్న స్థాపకుల పక్షానికి, 26 శాతం పైచిలుకు. కిందికి వస్తే జేపీ మోర్గాన్ ఛేజ్ బ్యాంక్ పేరు ఉంటుంది. ‘జేపీ మోర్గాన్ ఇంత పెట్టిందంటే చూసే పెట్టి ఉంటుంది’ అని మురిసిపోయేవాళ్లను చూశాను. ఆ బ్యాంకు ఒక్క షేరు కూడా తనకోసం కొనుక్కోలేదు. డాక్టర్ రెడ్డీస్ 2001 నుంచి న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ఏడీఆర్ల (అసలు షేర్లకు బదులుగా అక్కడ చేతులు మారే రసీదుల) రూపంలో లావాదేవీ అవుతోంది. అక్కడ కొనుక్కున్నవాళ్ల తరఫున అసలు షేర్లను భద్రపరిచే సంస్థ అది. ఇన్ఫోసిస్ పట్టికలో డాయిష్ బ్యాంక్ ట్రస్ట్ కంపెనీ కనిపించేదీ ఇందుకే. అందుకే ఆ వాటాకు పట్టికలో వేరే వరుస కేటాయించారు. దాన్ని ప్రమోటర్లలోనూ కలపరు, పబ్లిక్‌లోనూ కలపరు.

పబ్లిక్ అనే గడి ఇంకా చిత్రం. ఐటీసీ పట్టికలో ప్రమోటర్ల వాటా సున్నా, అంతా పబ్లికే. ఆ ‘పబ్లిక్’లో లండన్‌కు చెందిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీకి 20 శాతానికి పైగా ఉంది. 2024 మార్చిలో, 2025 మేలో కొంత అమ్మాక కూడా. పట్టికలో వెతికితే మాత్రం ఆ పేరు తిన్నగా దొరకదు, టొబాకో మాన్యుఫాక్చరర్స్ (ఇండియా) అనే అనుబంధ సంస్థ పేరు మీద దర్శనమిస్తుంది. పేటీఎంలో బఫెట్ పెట్టుబడి కూడా అంతే. 2023 నవంబరులో నష్టానికి అమ్ముకుని వెళ్లినప్పుడు బల్క్ డీల్ (భారీ లావాదేవీల) జాబితాలో కనిపించిన పేరు బీహెచ్ ఇంటర్నేషనల్ హోల్డింగ్స్.

సంస్థ అంటే మనకు కాని వేరెవరో అనుకోవడం కూడా పొరపాటే. నిఫ్టీ కంపెనీల పట్టికల్లో ఎస్‌బీఐ నిఫ్టీ 50 ఈటీఎఫ్ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. నిఫ్టీ సూచీలో ఉన్న షేర్లనే కొని పెట్టుకునే ఫండు అది. ఈపీఎఫ్‌వో 2015 నుంచి ఉద్యోగుల భవిష్య నిధిలో కొంత భాగాన్ని ఇలాంటి ఈటీఎఫ్‌లలోనే పెడుతోంది. జీతంలో పీఎఫ్ కోత పడే బొల్లారం ఫ్యాక్టరీ కార్మికుడు, తనకు తెలియకుండానే దేశంలోని పెద్ద కంపెనీలన్నిటిలో ‘సంస్థాగత మదుపరి’. ఆ ఈటీఎఫ్ వాటా పెరిగిందంటే ఎవరో మేధావి ఆ కంపెనీ భవిష్యత్తును అంచనా వేశాడని కాదు, ఆ నెల పీఎఫ్ డబ్బు వచ్చిందని. సూచీని అనుసరించే ఫండుకు అభిప్రాయం ఉండదు, జాబితా ఉంటుంది.

‘అమ్మేసి వెళ్లిపోయాడు’ వార్తల సంగతి ఒక్కమాటలో చెబుతాను. పట్టికలో పేరుపేరునా రాసేది 1 శాతం, అంతకు పైన ఉన్నవాళ్లనే. 1.02 ఉన్నది 0.98 అయితే పేరు మాయం. అతను ఒక్క షేరూ అమ్మకపోయినా, కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినంత మాత్రాన ఇది జరగవచ్చు. కంపెనీయే తన షేర్లను తిరిగి కొనుక్కునే బైబ్యాక్‌లో షేర్లు ఇవ్వకుండా ఊరుకున్నవాడి వాటా శాతం అదే విధంగా పెరుగుతుంది. కొనకుండానే ‘వాటా పెంచారు’ అనిపించుకుంటాడు.

ఎల్ఐసీ వెల్లడింపులను ఒకసారి దగ్గరగా చూడండి. రెండు పేజీల పట్టిక. పైన కంపెనీ పేరు, కొన్నవారి పేరు, ప్రమోటరా కాదా. ఆపైన మూడు భాగాలు: కొనుగోలుకు ముందు, కొన్నది, కొన్న తర్వాత. ఒక్కో భాగంలోనూ ఓటు హక్కున్న షేర్లెన్ని, తాకట్టులో ఉన్నవెన్ని, షేర్ల ద్వారా కాకుండా దక్కిన ఓటు హక్కులెన్ని, షేర్లుగా మారగల వారంట్లు ఎన్ని అని విడివిడి వరుసలు. పక్కన రెండు శాతాలు. ఒకటి ఇప్పుడున్న మూలధనం మీద, రెండోది మారాల్సినవన్నీ మారిపోతే ఉండే మూలధనం మీద. అడుగున ఎలా కొన్నారు, ఎప్పుడు కొన్నారు. అసలు సంగతి ఈ ‘ఎప్పుడు’లో ఉంటుంది. 5 శాతం దాటాక 2 శాతం మారితేనే చెప్పాలి కదా. అందుచేత ఎల్ఐసీ నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాదికి పైగా, రోజుకు కాసింత కొని, గీత దాటిన రోజున చెబుతుంది. పేపర్లో మాత్రం నిన్న సాయంత్రం పోయి కొనుక్కొచ్చినట్టు పడుతుంది. పేపర్లలో తేదీ, ధర, శాతం వేస్తారు, కానీ ‘ఎప్పటి నుంచి ఎప్పటి వరకు’ అన్న ఆ ఒక్క వరుస చాలాసార్లు వదిలేస్తారు.

ఆ తాకట్టు వరుస వెనక హైదరాబాద్ చరిత్ర ఉంది. సత్యం కంప్యూటర్స్‌లో ప్రమోటర్ల వాటా 2001లో 25 శాతం పైచిలుకు. 2008 మార్చి నాటికి 9 శాతం లోపే. ఇది రహస్యమేమీ కాదు, పట్టికలో మూడు నెలలకోసారి అచ్చవుతూనే ఉంది. ఏటా లాభాలు పెరుగుతున్నాయని చెప్పే కంపెనీలో యజమానులు ఎందుకు తగ్గిపోతున్నారని అడిగినవాళ్లు తక్కువ. విదేశీ ఫండ్ల పేర్లు జాబితాలో బారులు తీరి ఉన్నాయి, వాటిని చూసి ధైర్యపడ్డవాళ్లు ఎక్కువ. మా ఇళ్లలో కూడా ఆ రోజుల్లో సత్యం షేరంటే బంగారమే.

పట్టికలో కనిపించనిది ఇంకొకటి ఉంది. ఆ మిగిలిన వాటాను కూడా ప్రమోటర్లు కుదువబెట్టి అప్పులు తెచ్చారు. అప్పట్లో దాన్ని బయటపెట్టాలన్న నియమమే లేదు. 2008 డిసెంబరు 16న సత్యం చైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించి, మదుపరుల ఆగ్రహానికి గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. షేరు పడింది. అప్పులిచ్చినవాళ్లు తాకట్టు షేర్లను అమ్మడం మొదలుపెట్టారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవన్నది అందరికీ గుర్తుంది. ప్రమోటర్ల షేర్లన్నీ తాకట్టు పెట్టి, ఇతర మార్గాల్లోనూ తెచ్చి 1,230 కోట్లు సర్దామన్న వాక్యం కూడా అందులోనే ఉంది. ప్రమోటర్ల వాటా తక్కువ కాబట్టి పనితీరు బాగాలేదని తెలిస్తే కంపెనీ ఎవరి చేతుల్లోకైనా పోతుందని, అప్పుడు లోటు బయటపడుతుందని భయపడ్డామని కూడా రాశారు. పెత్తనం లెక్క, లాభం లెక్క ఎలా ముడిపడి ఉంటాయో ఇంతకన్నా వివరంగా ఎవరూ రాయలేరు. ఆ రోజు షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. అదే నెలలో సెబీ ప్రమోటర్ల తాకట్టు వివరాలు బయటపెట్టడం తప్పనిసరి చేసింది. 2019లో మరో అడుగు వేసి, ప్రమోటర్ల వాటాలో సగమో, కంపెనీ మొత్తం మూలధనంలో 20 శాతమో తాకట్టులో ఉంటే కారణం కూడా చెప్పాలన్నది. మన జిల్లాల ఇళ్లలో ఆవిరైన పొదుపుతో కొన్న వరుస అది. నేను ఏ పట్టిక తెరిచినా ముందు చూసేది దాన్నే.

‘అయితే అంతా తెరచాటు వ్యవహారమే, ఈ కాగితాలు దండగ’ అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. చట్టం వెనకబడి వచ్చినా వస్తుంది. విదేశీ ఫండ్ల వెనక ఎవరున్నారన్న ప్రశ్న 2023 జనవరిలో అదానీ గ్రూపుపై అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ ఇచ్చిన ఆరోపణల నివేదిక తర్వాత గట్టిగా లేచింది. ఆ ఏడాదే సెబీ కొత్త నియమం తెచ్చింది. మన దేశంలోని తన ఈక్విటీ పెట్టుబడిలో సగానికి మించి ఒకే కార్పొరేట్ గ్రూపులో పెట్టిన విదేశీ ఫండు, చివరి మనిషి దాకా అసలు యజమానుల పేర్లు చెప్పాలి. పెట్టుబడి మొత్తం 25,000 కోట్లు దాటినవాళ్లకూ అదే నియమం. ఆ రెండో గీతను 2025లో 50,000 కోట్లకు జరిపారు. కొన్ని మినహాయింపులున్నా, పేరు వెనక మనిషిని అడగడం మొదలైంది.

మరి ఓటు? 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ వాటాదారుల సమావేశంలో సిద్ధార్థ లాల్‌ను జీతంతో సహా మళ్లీ ఎండీగా నియమించే ప్రత్యేక తీర్మానం వీగిపోయింది. అనుకూలంగా 73 శాతం వచ్చాయి, కావలసినవి 75. ప్రమోటర్ల వాటా సగానికి దగ్గర. పడగొట్టింది సంస్థలే. నెలల తరబడి పట్టికలో నిద్రపోతున్నట్టు కనిపించిన ఆ శాతాలు ఆ రోజు లేచి కూర్చున్నాయి. జీతానికి పరిమితి పెట్టి కంపెనీ మళ్లీ వాటాదారుల ముందుకు రావలసి వచ్చింది.

మ్యూచువల్ ఫండ్లు ఇప్పుడు తీర్మానాల మీద ఓటు వేసి తీరాలి. ఎటు వేశారో, ఎందుకు వేశారో తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. ఆ పత్రాలు తెరిచి చూడండి. ‘కారణం’ అన్న గడిలో వందల తీర్మానాల ఎదుట అదే వాక్యం అచ్చుగుద్దినట్టు ఉంటుంది: చట్టానికి లోబడి ఉంది, ఆందోళన చెందాల్సిందేమీ లేదు. నా పొదుపు ఉన్న ఒక ఫండుకు, ఒక సంబంధిత పక్షాల లావాదేవీకి (కంపెనీ తన సొంతవాళ్లతోనే జరిపే వ్యవహారానికి) ఎందుకు అవునన్నారని ఈమెయిల్ రాస్తే, నెల తర్వాత అదే వాక్యాన్ని కొంచెం మర్యాదగా తిప్పి పంపారు. ఇంకోసారి రాశాను. ఇలా అడిగేవాళ్లు వేలల్లో ఉంటే ఆ గడిలో రాత మారుతుందని నా నమ్మకం. ప్రస్తుతానికి ఆ సంస్థలో ఈ ఉత్తరాలు చూసే ఉద్యోగికి నా పేరు గుర్తుండిపోయినట్టుంది, రెండో జవాబు మూడు రోజుల్లోనే వచ్చింది.